బడిలో ప్రార్థన చేసుకుంటే నవ్వారట, ఏం చెయ్యమంటారు?

మాది గుంటూరు, ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. మొన్న మధ్యాహ్నం డబ్బా మూత తీసి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే పక్క బల్ల పిల్లలు నవ్వారట. ఇంటికొచ్చి "ఇక బడిలో చెయ్యను నాన్నా" అన్నాడు. మనసు చివుక్కుమంది.

ఈ దేశంలో క్రైస్తవులంటే ద్వేషం పెరిగిందని చర్చిలో పెద్దలంటున్నారు. నాకు పూర్తిగా నమ్మబుద్ధి కావట్లేదు. 1962లో బడి తరఫున ప్రార్థన చేయించకూడదన్న సుప్రీంకోర్టే, 2022లో ఆట అయ్యాక మైదానంలో మోకరించి ప్రార్థించిన బ్రెమెర్టన్ (వాషింగ్టన్ రాష్ట్రంలోని ఊరు) బడి ఫుట్‌బాల్ కోచ్ పక్షాన తీర్పిచ్చింది. ఇక్కడి పార్లమెంటైన కాంగ్రెస్‌లోనూ ఎక్కువమంది క్రైస్తవులే కదా!

ఇక్కడ పిల్లల్ని పెంచినవాళ్లు చెప్పండి: ఇది మతద్వేషమా, ఆ వయసు ఎగతాళేనా? టీచరుతో మాట్లాడితే వాడికి ఇంకా ఇబ్బందవుతుందా?