ఉప్పు, బీపీ: నల్లజాతివారిలో తేడా ఎందుకు?

ప్రశ్న:
2001లో వచ్చిన డాష్-సోడియం ప్రయోగంలో (డాష్ అంటే బీపీ తగ్గించడానికి రూపొందించిన, పళ్లు, కూరగాయలు ఎక్కువుండే తిండి) రోజువారీ సోడియాన్ని 150 మిల్లీమోల్ (సుమారు 8.8 గ్రాముల ఉప్పు) నుంచి 50కి (సుమారు 2.9 గ్రాములు) తగ్గించారు. మామూలు అమెరికన్ తిండి మీద ఉన్న నల్లజాతివారికి సిస్టాలిక్ (బీపీలో పై అంకె) సగటున 8 పాయింట్లు పడింది, మిగతావారికి 5. ఇది జన్యువుల వల్లేనా? ఒక మనిషికి ఉప్పు పడదని జాతిని బట్టి చెప్పొచ్చా?

జవాబు 1:
చెప్పలేమండీ. 1986 నాటి ఇండియానా పరిశోధనలో హైబీపీ ఉన్న నల్లజాతివారిలో 73 శాతం, తెల్లవారిలో 56 శాతం ఉప్పుకి స్పందించారు. అంటే జాతిని బట్టి అంచనా వేస్తే రెండువైపులా చాలామంది విషయంలో పొరబడతాం. పైగా ఆ పరీక్ష రోజువారీ తిండిలా ఉండదు: నాలుగు గంటల్లో 2 లీటర్ల సెలైన్ ఎక్కించి, మర్నాడు 10 మిల్లీమోల్ సోడియం తిండితో ఫ్యూరోసెమైడ్ (ఉప్పుని, నీటిని మూత్రంలో బయటికి పంపే మందు) ఇస్తారు. సగటు పీడనం 10 పాయింట్లు పడితే 'సెన్సిటివ్' అంటారు. 9 పడినవాడు ఆ లెక్కలోకి రాడు!

జవాబు 2:
జన్యువులకి కొంత పాత్ర ఉండొచ్చు, కానీ పొటాషియాన్ని మర్చిపోతున్నారు. అది తక్కువైతే కిడ్నీలో మూత్రం తయారయ్యే సన్నని గొట్టాల చివరి భాగంలోని సోడియం-క్లోరైడ్ వాహకం చురుకై ఉప్పుని ఒంట్లోనే పట్టి ఉంచుతుంది. అమెరికా నల్లజాతివారి తిండిలో సగటున పొటాషియం తక్కువ. డాష్ తిండిలో పొటాషియం ఎక్కువ, అందులో సోడియం తగ్గించినా బీపీ అంతగా పడలేదు. ఇంకొకటి: 1997లో వచ్చిన పరిశోధనలో పశ్చిమాఫ్రికా మూలాలున్నవారిని ఒకే పద్ధతిలో కొలిస్తే హైబీపీ పశ్చిమాఫ్రికాలో 16 శాతం, కరీబియన్‌లో 26, అమెరికాలో 33 ఉంది. మూలాలు ఒకటే, బతికే చోటు వేరు. బానిస ఓడల్లో ఉప్పు నిలుపుకున్నవాళ్లే బతికారన్న వాదన వినడానికి బాగుంటుంది గానీ, చరిత్రకారులు దాని ఆధారాల్ని గట్టిగా ప్రశ్నించారు.

జవాబు 3:
కాబట్టి ఎవరికి వారికే కొలవాలి. ఎంత ఉప్పు తింటున్నారో 24 గంటల మూత్రంలోని సోడియం చెబుతుంది: ఉదయం మొదటి మూత్రం వదిలేసి, ఆ తర్వాతదంతా, మర్నాడు మొదటిదానితో సహా పట్టాలి. ఒక్కసారి మర్చిపోయినా సోడియం తక్కువగా కనబడుతుంది, అందుకే మూత్రం మొత్తం పట్టారో లేదో తెలియడానికి క్రియాటినిన్ (కండరాల నుంచి వచ్చే వ్యర్థం) కూడా చూడమనండి. 100 మిల్లీమోల్ అంటే 2,300 మిల్లీగ్రాముల సోడియం, ఉప్పు లెక్కలో 5.8 గ్రాములు. ముందు వారం పొద్దున, సాయంత్రం బీపీ రాసుకుని, నాలుగు వారాలు ఉప్పు తగ్గించి మళ్లీ కొలవండి. ఈలోగా మందులు మారితే పోలిక చెడుతుంది. పొటాషియం కలిపిన ఉప్పు మాత్రం కిడ్నీ జబ్బు ఉన్నవారు, స్పైరోనోలాక్టోన్, లిసినోప్రిల్ లాంటి బీపీ మందులు వాడేవారు డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టకూడదు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది.