"కాలం చేశారు": ఈ మాట గురించి మీకు తెలిసింది చెప్పండి

మిత్రులకు నమస్కారం.

నెల క్రితం మా నాన్నగారు పోయారు. పెద్దకర్మ కార్డు రాయించే పని నా మీద పడింది. ప్రెస్సాయన పాత కార్డులు అంటించిన పుస్తకం నా ముందు పెట్టి ఏ మ్యాటర్ వేయమంటారని అడిగాడు. అన్నిటిలోనూ వాక్యం ఒకటే, ఒక్క మాటే తేడా. "స్వర్గస్థులైనారని తెలియజేయుటకు చింతించుచున్నాము." "శివైక్యం చెందినారని..." "పరమపదించినారని..." ఆ ఒక్క మాట దగ్గర నేను ఆగిపోయాను.

నాన్న ఏ లోకాన్నీ నమ్మలేదు. గోరా 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో విజయవాడకు తరలించిన నాస్తిక కేంద్రం సభలకు, చదువుకునే రోజుల నుంచీ వెళ్లిన మనిషి. అమ్మ దీపం పెట్టనిదే కాఫీ తాగదు. యాభై ఏళ్ల కాపురంలో ఒకరినొకరు మార్చాలని చూడలేదు. "నేను పోయాక మీ అమ్మ ఎలా చెబితే అలా చేయండి" అని నాన్న ముందే చెప్పి ఉంచారు. అయినా ఆయన గురించి అచ్చువేసే మాట ఆయనకూ అమ్మకూ ఇద్దరికీ సమ్మతంగా ఉండాలని నా పట్టుదల.

స్వర్గస్థులు అంటే స్వర్గంలో ఉన్నవారు. చిరునామా చెప్పినట్టే. దివంగతులు అన్నా అంతే, దివానికి వెళ్లినవారు. పత్రికల్లో ఎంత అరిగిపోయినా ఆ మాట లోపల దివం అలాగే ఉంది. పరమపదించడం ఇంకా నిర్దిష్టం. "తద్విష్ణోః పరమం పదం" అని ఋగ్వేదం చెప్పిన చోటు అది. దానికి "ఇంచు" చేర్చి చక్కటి క్రియాపదం చేసుకున్నది మన భాష. నమ్మినవారి విషయంలో ఇంతకంటే నిండైన మాటలు లేవు. మా నాయనమ్మ పోయినప్పుడు కార్డు మీద "వైకుంఠవాసి" అని రాసింది నాన్నే. ఆవిడ నమ్మకం ఆవిడది అన్నారు. ఆ మర్యాద ఇప్పుడు ఆయనకు దక్కాలి.

కీర్తిశేషులు బాగుంటుందనుకున్నాను. కీర్తి మాత్రమే మిగిలినవారు అని అర్థం, పరలోకం ఊసు లేదు. కానీ అది పేరు ముందు అమరుతుంది గాని "ఫలానా తేదీన" అని చెప్పే వాక్యంలో ఇమడదు. "కన్నుమూశారు" అని రాసి చూపిస్తే అమ్మ ఒప్పుకోలేదు. నాన్న నేత్రదానానికి సంతకం చేసి ఉన్నారు. ఆరు గంటల లోపు తీసుకోవాలి కాబట్టి ఐ బ్యాంకు వాళ్లు ఆ రాత్రే వచ్చి వెళ్లారు. నాన్న మంచం పక్కన టేబుల్ లైటు పట్టుకుని నిలబడింది అమ్మే. "అవి ఇంకెవరికో చూపునివ్వబోతుంటే మూశారని ఎలా రాస్తావురా?" అంది.

చివరికి దారి చూపిన మాట కూడా అమ్మదే. ఫోనులో బంధువులకు చెబుతూ "కాలం చేశారండీ" అంటోంది. చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. వంట చేశారు, పని చేశారు అన్నట్టు కాలం చేయడం ఏమిటని ఆ రోజే మొదటిసారి తట్టింది. పాత బౌద్ధ గ్రంథాల భాష అయిన పాళీలో "కాలం కరోతి" అంటే మరణిస్తాడు అని అర్థం, మరణానికి "కాలకిరియ" అని పేరు. మాటకు మాట మనదే. సంస్కృతంలో మరణాన్ని కాలధర్మం అన్నారు, మనం కాలధర్మం చెందారు అంటాం. తనకున్న కాలాన్ని పూర్తి చేశారని నేను అర్థం చెప్పుకున్నాను. ఆ తర్వాత ఏమైందో ఈ మాట ఏమీ చెప్పదు. కార్డు మీద అదే వేయించాం.

మీ ప్రాంతాల్లో ఈ మాట ఎవరి విషయంలో వాడతారు? పొరుగు భాషల్లో ఉందా?

వ్యాఖ్య, చిత్తూరు నుంచి:
మా వీధిలో సగం తమిళం. వాళ్లు "కాలమానార్" అంటారు, కాలమైపోయారు అని. కన్నడంలో "కాలవాదరు" కూడా అదే. మలయాళంలో మాత్రం మనలాగే "కాలం చెయ్తు". అక్కడ అది ఎక్కువగా బిషప్పులు పోయినప్పుడు వినిపిస్తుంది.

వ్యాఖ్య, గుంటూరు నుంచి:
మేము "ప్రభువునందు నిద్రించారు" అంటాం. నిద్ర అన్నాక మేలుకోవడం ఉంటుంది, ఆ నిరీక్షణ కోసమే ఆ మాట. మా తాతయ్య సమాధి రాతి మీద అదే చెక్కించాం. అయితే మీతో ఒక చోట ఏకీభవించలేను. కాలం చేశారు అన్నది ఏమీ చెప్పని మాట కాదు. పసిబిడ్డ పోతే ఎవరూ అలా అనరు.

నా జవాబు:
నిజమేనండీ, తొందరపడ్డాను. అవతలి సంగతి చెప్పదు గాని ఇవతలి సంగతి చెబుతోంది. కాలం చేయాలంటే చేయడానికి తగినంత కాలం ఉండాలి. చిన్నవాళ్లు పోతే మనకు "పోయాడు" తప్ప వేరే మాట రాదు, అది కూడా పూర్తిగా పైకి రాదు.

వ్యాఖ్య, రిటైరైన సంస్కృత అధ్యాపకుడు:
చనిపోవు అన్నదాన్ని విడదీసి చూడండి. చను అంటే వెళ్లు, పోవు అన్నా వెళ్లు. రెండుసార్లు వెళ్లడమే ఉంది, ఎక్కడికో లేదు. సంస్కృతంలో ప్రేత కూడా ప్ర, ఇత కలిసిన మాట, ముందుకు వెళ్లినవాడు అని. కఠోపనిషత్తులో నచికేతుడు యముడిని మూడో వరం అడిగేది ఈ మాటతోనే: "యేయం ప్రేతే విచికిత్సా మనుష్యే, అస్తీత్యేకే నాయమస్తీతి చైకే." పోయిన మనిషి ఉన్నాడని కొందరు, లేడని కొందరు, ఈ సందేహం తీర్చమంటాడు. యముడు వెంటనే చెప్పడు. పూర్వం దేవతలకూ ఇదే సందేహం వచ్చింది, వేరే వరం కోరుకో అంటాడు. ఇంకొక్క మాట. "అస్తి నాస్తి దిష్టం మతిః" అని పాణిని సూత్రం. పరలోకం ఉందనుకునేవాడు ఆస్తికుడు, లేదనుకునేవాడు నాస్తికుడు అని దానికి వ్యాఖ్యాతలు చెప్పిన అర్థం. దేవుడి ప్రసక్తి అక్కడ లేదు.

నా జవాబు:
మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. మీ వ్యాఖ్యను నిన్న సాయంత్రం అమ్మకు చదివి వినిపించాను. నచికేతుడి ప్రశ్న దగ్గర ఆపి, అర్థం మళ్లీ చెప్పమంది. ఉన్నాడని కొందరు, లేడని కొందరు అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ మొదటి సగం నాది, రెండోది మీ నాన్నది" అని, దీపంలో నూనె పోయడానికి లేచింది.