స్టీరియో స్లైడు వ్యూయరులో అంచులు మసక: లెన్సు మార్చించాలా?

ప్రశ్న, నల్లగొండ నుంచి:
మా మేనమామ నాగార్జునసాగర్‌లో తీసిన పాత స్టీరియో స్లైడులు (ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ చూపి లోతు కనిపించేలా చేసే జంట ఫిల్ములు) నా చేతికి వచ్చాయి. అట్ట ఫ్రేముల్లో ఉన్నాయి, స్టీరియో రియలిస్ట్ అనే పాత కెమెరా కొలత. చూడటానికి ఒక పాత ప్లాస్టిక్ వ్యూయరు కొన్నాను. డ్యాము బొమ్మలో నడుమ ఉన్న గేట్లు చక్కగా కనిపిస్తున్నాయి, చివరి గేట్లు మాత్రం అలికినట్టున్నాయి. తెల్లటి కాంక్రీటు అంచున ఒకవైపు నీలం, మరోవైపు నారింజ రంగు గీత పడుతోంది. కళ్లద్దాల దుకాణంలో అడిగితే వేరే లెన్సులు బిగించి ఇస్తామన్నారు. బిగించమనమంటారా?

జవాబు, మహబూబ్‌నగర్ నుంచి:
తొందరపడకండి. తప్పు లెన్సుదో స్లైడుదో ముందు తేల్చుకోవాలి. స్లైడును గాడిలోనే కొద్దిగా పక్కకు జరిపి, చివరి గేటును లెన్సు నడుమకు తీసుకురండి. ఫోకస్ చక్రం ముట్టుకోవద్దు. అక్కడ గేటు స్పష్టంగా కనిపిస్తే స్లైడు మంచిదే, తప్పు లెన్సుది. ఫోకస్ కదిపితేనే స్పష్టమైతే ఫిల్ము ఉబ్బిందన్నమాట; అట్ట ఫ్రేముల్లో ఇది మామూలే. ఎంత తిప్పినా తేటపడకపోతే కెమెరాలోనే పోయింది, ఇప్పుడు చేయగలిగేది లేదు.

తరువాత స్లైడును మామూలు చోట పెట్టి, చివరి గేటు మీదే చూపు నిలిపి ఫోకస్ తిప్పండి. ఏమైందో చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
జరిపితే చక్రం ముట్టకుండానే గేటు ఇనుప పట్టీలు కూడా కనిపించాయి. రెండో పరీక్షలో అంచు బాగుపడింది, నడుమ భాగం మసకబారింది. రంగు గీతలు మాత్రం పోలేదు.

జవాబు, గద్వాల నుంచి:
భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, కాస్త పాఠంలా ఉంటే సహించండి. మీ వ్యూయరులో ఉన్నది ఒంటి కుంభాకార కటకం. అది పదునుగా చూపగల తలం వంపు తిరిగి ఉంటుంది, ఫిల్మేమో చదునుగా ఉంటుంది. అందుకే నడుమ కుదిరితే అంచు కుదరదు. రంగుల సంగతి వేరు: నీలం కాంతి ఎరుపు కంటే ఎక్కువగా వంగుతుంది కాబట్టి అంచుల దగ్గర రెండూ విడిపోతాయి. దీనికి మందు అక్రోమాటిక్ లెన్సు. క్రౌన్ గాజు కుంభాకార కటకానికి ఫ్లింట్ గాజు పుటాకార కటకాన్ని అతికిస్తారు; ఒకటి విడదీసిన రంగులను రెండోది దగ్గరకు చేరుస్తుంది. అయితే తలం వంపు దీనితో పూర్తిగా పోదు, ముందే చెబుతున్నాను.

కళ్లద్దాల లెన్సు కూడా ఒంటి కటకమే. డబ్బు ఖర్చవుతుంది, రంగు గీత అలాగే ఉంటుంది. నా మాట వింటే అది వద్దు.

అక్రోమాటిక్ జత దొరికితే నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) ముఖ్యం. ఇప్పుడున్న లెన్సు తీసి, గది లోపలి గోడకు తెల్ల కాగితం అంటించి, దూరంగా ఉన్న కిటికీ బొమ్మ దాని మీద పడేలా పట్టుకోండి. బొమ్మ స్పష్టంగా పడినప్పుడు లెన్సుకూ కాగితానికీ మధ్య దూరమే దాదాపు నాభ్యంతరం. ఎండకు మాత్రం పట్టకండి, కాగితానికి నిప్పంటుకుంటుంది. కొత్తవి రెండూ అదే కొలతవి, ఒకే రకానివి కావాలి. ఒక కంటికి బొమ్మ పెద్దదిగా, మరో కంటికి చిన్నదిగా కనిపిస్తే తలనొప్పి తప్పదు.

జవాబు, సూర్యాపేట నుంచి:
లెన్సు విప్పేటప్పుడు ఏ ముఖం కంటివైపు ఉందో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. తిరగేసి బిగిస్తే అంచులు ఇంకా పాడవుతాయి. ప్లాస్టిక్ లెన్సును థిన్నరుతోనో స్పిరిటుతోనో తుడవకండి, సన్నని పగుళ్లు వస్తాయి. ముందు గాలి ఊది దుమ్ము పోగొట్టి, ఒక చుక్క సబ్బు నీళ్లతో మెత్తటి గుడ్డ తడిపి తుడిస్తే చాలు.

మీకు కళ్లద్దాలున్నాయా? ఉంటే కన్ను లెన్సుకు దూరమై అంచులు సరిగా అందవు. దూరపు చూపు అద్దాలైతే తీసేసి ఫోకస్‌తో సర్దుకోవచ్చు. ఆస్టిగ్మాటిజం సరిచేసే (సిలిండర్ పవరున్న) అద్దాలైతే తీయకండి. వ్యూయరులో కళ్ల మధ్య దూరం సర్దే మీట ఉంటే అదీ చూసుకోండి. కన్ను లెన్సు నడుమకు రాకపోతే ఎంత మంచి లెన్సైనా ఒక పక్కన అలికినట్టే కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
అద్దాలున్నాయి, దూరపు చూపువే. తీసి చూస్తే ఎడమ అంచు కొంత మెరుగైంది. విచిత్రమేమిటంటే మా అమ్మాయి అదే వ్యూయరులో చూసి అంతా బాగానే ఉందంటోంది!

జవాబు, గద్వాల నుంచి:
విచిత్రమేమీ లేదు. అంచు తేటగా ఉండేలా ఫోకస్ పెడితే, నడుమ భాగాన్ని చిన్నవాళ్ల కన్ను తనంతట తానే సర్దుకుంటుంది. నలభై దాటాక ఆ శక్తి తగ్గిపోతుంది. మీరు నడుమకూ అంచుకూ మధ్యన ఉన్న చోట ఫోకస్ పెట్టుకోండి.

జవాబు, మహబూబ్‌నగర్ నుంచి:
లెన్సులు మార్చే బదులు అక్రోమాటిక్ వ్యూయరే దొరుకుతుందేమో చూడండి. స్టీరియో రియలిస్ట్‌కు ఎర్ర బటను ఉన్న పాత వ్యూయరు ఒకటుంది, లోపల అక్రోమాటిక్ లెన్సులే. కొనేటప్పుడు మీ సాగర్ స్లైడు వెంట తీసుకెళ్లి చివరి గేట్లు చూడండి, అమ్మేవాళ్లు నడుమ భాగమే చూపిస్తారు. లెన్సు అంచుల్లో ఇంద్రధనుస్సు రంగుల మచ్చలుంటే అతుకు విడిపోతున్నట్టు, సాలెగూడు లాంటి పోగులుంటే బూజు. రెండింటిలో ఏది కనిపించినా బేరం ఆడకుండా వచ్చేయండి.