తేలికపాటి క్షిపణి పరిధిని నిర్ణయించేది మోటారా, లక్ష్యాన్ని వెతికి పట్టుకునే సీకరా?
మహబూబ్‌నగర్‌లో డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తున్న నాకు, ఈ విషయం తెలిసినవారి సహాయం కావాలి. మాకు పొరుగునే, తుంగభద్ర దాటితే వచ్చే కర్నూలు ప్రాంతంలో 2025 జూలైలో డీఆర్‌డీఓ డ్రోన్ నుంచి పరీక్షించిన యూఎల్‌పీజీఎం-వీ3 క్షిపణి బరువు 12.5 కిలోలేనని, దాని పరిధి పగలు 4 కిలోమీటర్లు, రాత్రి 2.5 కిలోమీటర్లు అని వార్తల్లో చదివాను. పదాతి సైనికులు మోసుకెళ్లే ట్యాంకు విధ్వంసక క్షిపణి ఎంపీఏటీజీఎం అంతకన్నా కొంత బరువైనదే అయినా, దాని పరిధి 2.5 కిలోమీటర్లే.

ఈ తేడాకు డ్రోన్ ఎగిరే ఎత్తే ప్రధాన కారణమా, లేక ప్రయోగించే సైనికుడికి మంట తగలకుండా క్షిపణిని ముందు మెల్లగా బయటకు నెట్టి, కొంత దూరం వెళ్లాకే అసలు మోటారును మండించవలసి రావడం కూడా కారణమా? మోటారుకు రాత్రీ పగలూ తేడా ఉండదు కనుక, రాత్రి పరిధి తగ్గడానికి సీకర్ చూపు సామర్థ్యమే కారణమని నా అనుమానం. దీన్ని ఇంటర్ స్థాయి గణితంతో వివరించగలిగితే మరీ మేలు.