భవిష్యత్తును ముందుగా తెలుసుకోవడం ఎంతవరకు సాధ్యం?

పెద్దలకు నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా మేనత్త తన కూతురికి కుదిరిన మంచి సంబంధాన్ని, జాతకంలో వైధవ్య సూచన ఉందని ఒక సిద్ధాంతిగారు చెప్పిన కారణంగా వదులుకోవాలని అనుకుంటున్నారు. నేను వారించబోతే పంచాంగం తెరిచి, గ్రహణం పట్టు, విడుపు వేళలు రాసిన పుట మీద వేలు పెట్టి, "ఇది నిమిషాలతో సహా నిజమవుతున్నప్పుడు అది మాత్రం ఎందుకు కాదు?" అని అడిగారు. ఆ ప్రశ్న తీసిపారేయదగినది కాదు.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను ఒడిశాలోని గోపాల్‌పూర్ వద్ద తీరం దాటుతుందని ముందే తెలియబట్టే లక్షలాది మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించగలిగారు. 2018లో తిత్లీ తుపాను హెచ్చరిక కూడా ముందే అందింది గాని, మా గజపతి జిల్లాలో ఏ కొండచరియ ఏ ఊరి వారిపై విరిగిపడుతుందో ఎవరూ చెప్పలేకపోయారు. ఆరంభంలోని అతిచిన్న తేడా సైతం పెరిగి పెద్దదై వాతావరణ అంచనాను తలకిందులు చేయగలదని వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లో చూపించారని చదివాను.

అయితే ఈ హద్దు మన కొలతల లోపం వల్ల ఏర్పడినదా, లేక భవిష్యత్తే ఇంకా నిశ్చయం కాలేదా? గ్రహగతుల గణితానికీ, మనిషి ఆయుష్షు గురించి చెప్పే ఫలితానికీ గల భేదాన్ని, భక్తిశ్రద్ధలు గల మా అత్తయ్య మనసు నొప్పించకుండా ఎలా వివరించాలి? ముహూర్తాల గడువు దగ్గరపడుతోంది. భౌతికశాస్త్రం గాని జ్యోతిషం గాని లోతుగా చదివినవారు దయచేసి తెలియజేయగలరు.