ట్రామా (హింస లాంటివాటితో మనసుకి తగిలిన గాయం) కౌన్సెలింగ్‌కి వెళ్ళినవాళ్ళు ఉన్నారా? కౌన్సెలర్ ఎలా ఉండాలి అసలు?

కృష్ణలంక_అక్క: మా పిన్ని కూతురు వాళ్ళాయన దెబ్బలు భరించలేక వచ్చేసి ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటోంది. కౌన్సెలింగ్‌కి తీసుకెళ్తే మొదటిరోజే అక్కడి కౌన్సెలర్ పెళ్ళినాటి నుంచి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పమని కూర్చోబెట్టారంట. ఇంటికొచ్చాక అన్నం ముట్టదు, నిద్రలో ఉలిక్కిపడి లేస్తోంది, ఇంక చచ్చినా వెళ్ళనంటోంది. అందరికీ ఇలాగే ఉంటుందా, లేక ఆవిడ పద్ధతే అంతా?

నిద్రలేని_పిట్ట: ఆవిడ పద్ధతే అనిపిస్తోందండీ. నాది చిన్నప్పటి విషయం, చేసినవాడు దగ్గరి చుట్టమే. మా మేడమ్ చాలా వారాలు దాని ఊసే ఎత్తలేదు, ఈవిడకి పని వచ్చా రాదా అని నాకే డౌట్ వచ్చేసింది. నిద్ర పడుతోందా, తింటున్నావా, వాడు ఇప్పటికీ మీ ఇంటికొస్తాడా, పెళ్ళిళ్ళలో ఎదురైతే ఎవరి పక్కకెళ్ళి నిలబడతావ్, ఇవే అడిగేవారు. కుర్చీ ఎక్కడ వేసుకుంటావో నువ్వే చెప్పు అన్నారు, నేనేమో తలుపు కనపడేలా కూర్చుంటా ఎప్పుడూ. ఆపమంటే అక్కడికక్కడే ఆపేస్తా అని ముందే చెప్పారు, ఒకసారి నిజంగానే ఆపండి అన్నా, ఎందుకని కూడా అడగలేదు, కాళ్ళు నేలకి ఆనించి గదిలో నీలం రంగువి ఏమేం ఉన్నాయో చూసి చెప్పమన్నారు. పిచ్చిగా ఉంటుంది వినడానికి, కానీ ఊపిరి అందింది.

సైకో_సుబ్బు: నేను ఈ ఫీల్డ్‌లోనే పనిచేస్తా. జుడిత్ హెర్మన్ అనే అమెరికన్ సైకియాట్రిస్ట్ 1992లో మూడు దశలు చెప్పారు, ముందు భద్రత, తర్వాత జరిగింది గుర్తుచేసుకుని దానికి ఏడవడం, ఆ తర్వాత మళ్ళీ మనుషుల్లో పడడం. మాలో చాలామంది పని ఈ లెక్కనే నడుస్తుంది. మొదటిది వదిలేసి రెండోదాంట్లోకి దూకితే పుండు కెలికి కట్టు కట్టకుండా ఇంటికి పంపినట్టే. అలాగని మొదటి దశలోనే నెలలకి నెలలు నానబెట్టడం కూడా కరెక్ట్ కాదని మాలోనే వాదన ఉంది, పీటీఎస్‌డీకి, అంటే ట్రామా తర్వాత మనసు తేరుకోలేక వచ్చే జబ్బుకి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సూచించినవి ట్రామా మీద నేరుగా పనిచేసే సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స), ఈఎండీఆర్ (కళ్ళు అటూ ఇటూ కదుపుతూ ఆ జ్ఞాపకాన్ని తలుచుకునే చికిత్స). కాబట్టి కథ అస్సలు అడగకూడదని కాదు, ఎప్పుడు, ఎంత చెప్పాలో చెప్పేవాళ్ళ చేతిలో ఉండాలి. ఇంకోటి, "అప్పుడే ఎందుకు అరవలేదు", "ఇన్నేళ్ళు ఎందుకు ఉన్నావ్" అని అడిగేవాళ్ళ దగ్గరికి మళ్ళీ వెళ్ళకండి. భయంతో ఒళ్ళు బిగుసుకుపోయి గొంతు పెగలకపోవడం శరీరం దానంతటది చేసే పని, ఒప్పుకున్నట్టు కాదు.

ఓరుగల్లు_పోరడు: మొగోళ్ళకు గూడ గిట్ల ఐతదంటే ఎవ్వలు నమ్మరన్నా. నాకు హాస్టల్ల ఐంది. ఫస్టు పోయినాయన నవ్విండు, మొగపోరనివి నీకేందిరా అన్నడు. తర్వాత దొరికిన సారు మాత్రం నేను నత్తి నత్తిగ చెప్తుంటే నడుమల ఒక్క మాట అన్లె, అంతా ఐనంక "నువ్వు చెప్పింది నేను నమ్ముతున్న" అన్నడు. గంతే. నేను బాత్రూంకు పోయి మస్తు ఏడ్చిన. ఇప్పటికీ ఆయన్నే కలుస్తున్న.

పెద్దాయన_గుంటూరు: ఏమీ అనుకోకండమ్మా, భార్యాభర్తలిద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తే సగం గొడవలు తీరతాయి కదా. మా రోజుల్లో పెద్దమనుషులు చేసింది అదే.

నిద్రలేని_పిట్ట: బాబాయ్ గారూ, అక్కడ నోరు తెరిచి చెప్పినదానికి ఇంటికెళ్ళాక మళ్ళీ దెబ్బలు తినేది ఎవరు?

సైకో_సుబ్బు: కొట్టుడు నడుస్తుండగా జంట కౌన్సెలింగ్ చెయ్యకూడదనేది మాకు మొదట్లో నేర్పే విషయం. గృహహింస చట్టం 2005 కింద కోర్టు కౌన్సెలింగ్‌కి పంపినా, 2006 రూల్స్‌లో 14వది చూడండి, ఎందుకు కొట్టాల్సొచ్చిందో సంజాయిషీ చెప్పుకునే వీలు భర్తకి ఉండదు, ఆ సంగతి అతనికి ముందే చెప్పాలి కూడా. కూర సరిగ్గా లేదు, మా అమ్మకి ఎదురుచెప్పింది లాంటివి అక్కడ చెల్లవు. స్టేషన్లలో సర్దిచెప్పి పంపడం వేరే పని, దాన్ని థెరపీ అనుకోవద్దు.

కోనసీమ_కొబ్బరి: మన మాటలు బయటికి పోవని గ్యారంటీ ఏంటి? నేను చెప్పినవన్నీ ఒకావిడ మా అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పేసింది, నాకు అప్పటికి ఇరవై నాలుగేళ్ళు!

సైకో_సుబ్బు: దారుణం అది. మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ 2017 సెక్షన్ 23 ప్రకారం వివరాలు గోప్యంగా ఉంచాలి, ప్రాణానికి ముప్పు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. 18 ఏళ్ళలోపు పిల్లల మీద లైంగిక నేరమని తెలిస్తే మాత్రం పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) సెక్షన్ 19 కింద ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి, కౌన్సెలర్ కూడా. ఈ హద్దులన్నీ మొదటిరోజే, మీరు ఏమీ చెప్పకముందే చెప్పాలి, చెప్పకపోతే మీరే అడగండి.

డాలస్_లత: భాష సంగతి కూడా చూసుకోండి. ఇక్కడ నా థెరపిస్ట్ అమెరికన్, మంచావిడే, కానీ ఆడపడుచు ఇంటికొస్తే నేనెందుకు వణుకుతానో వివరించేసరికే సగం టైం అయిపోయేది. తెలుగావిడ దొరికాక "మా అత్తగారు నలుగురిలో అంది" అంటే చాలు, ఆ నలుగురెవరో చెప్పక్కర్లేదు. అయితే తెలుగువాళ్ళైనంత మాత్రాన "సర్దుకుపోవాలమ్మా" అనరని ఏం లేదు, అలాంటావిడా తగిలింది నాకు.

కృష్ణలంక_అక్క: చాలా థాంక్స్ అందరికీ. ఇంకెవరినైనా ఎక్కడ వెతకాలి, ఫీజులు కూడా భయంగానే ఉన్నాయి.

సైకో_సుబ్బు: క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకుంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబర్ ఉందో లేదో అడగండి. ఖర్చు లేకుండా అంటే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. గృహహింసకి మహిళా హెల్ప్‌లైన్ 181, సఖి వన్ స్టాప్ సెంటర్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి, కౌన్సెలింగ్‌తో పాటు లాయర్ సాయం, కొన్ని రోజులు తలదాచుకోవడానికి చోటు కూడా ఉంటాయి. ట్రామా కేసులు ఎలా చూస్తారో ఫోన్‌లోనే అడిగెయ్యండి, చిరాకుపడితే పెట్టెయ్యండి.

కృష్ణలంక_అక్క: నేను కూడా తనతో లోపల కూర్చోవచ్చా?

నిద్రలేని_పిట్ట: తననే అడగండి అక్కా. వద్దంటే బయట బెంచీ మీద కూర్చోండి, వచ్చేటప్పుడు ఆటోలో "ఏం అడిగారు, ఏం చెప్పావ్" అని మాత్రం మొదలెట్టకండి ప్లీజ్.