‘వినెగ్రెట్’కు తెలుగులో ఏమందాం?

ప్రశ్న: పాత ఇంగ్లీషు వెండి సామాను గురించి ఒక వ్యాసం తెలుగులోకి తెస్తున్నాను. ‘వినెగ్రెట్’ దగ్గర ఆగిపోయాను. వెతికితే సలాడ్‌లో కలిపే పులుసు అని వస్తోంది! ఇదేమో చిన్న మూతపెట్టె. ‘అత్తరుదాని’ అని రాసేయనా?

జవాబు: వద్దండీ. అత్తరుదాని అనగానే పెళ్లిపందిరి గుర్తొస్తుంది, దీని సంగతి వేరు. ఫ్రెంచిలో ద్రాక్షసారా పులిస్తే వినెగర్. ఆ మాటకే చిన్నదనాన్ని చెప్పే తోక తగిలిస్తే వినెగ్రెట్. సలాడ్ పులుసుకూ ఈ పెట్టెకూ ఇంటిపేరు ఒకటే.

18వ శతాబ్ది చివరినుంచి ఇంగ్లండులో ఆడవాళ్లు దీన్ని వెంట ఉంచుకునేవారు. వీధిలో మురుగు కంపు కొట్టినా, కళ్లు తిరిగినా తీసి వాసన చూసేవారు. మూత ఎత్తితే లోపల ఇంకో మూత: మడతబందు మీద లేచే చిల్లుల రేకు, పూలూ తీగలూ వచ్చేలా కోసినది. దాని కింద సుగంధాలు కలిపిన వినెగర్‌లో తడిపిన స్పంజీ ముక్క. పులుపు వెండిని తినేస్తుంది కనుక లోపలంతా బంగారు పూత. బయట తెలుపు, తెరిస్తే పసుపు. అది షోకు కోసం కాదన్నమాట.

బర్మింగ్‌హామ్ పనివాళ్లు వీటిలో ఆరితేరారు. లంగరు ముద్ర కనిపిస్తే 1773లో పెట్టిన ఆ ఊరి పరీక్షశాలలో నెగ్గిన వెండి అని అర్థం. 1830, 40లలో నథానియల్ మిల్స్ చేసిన మూతల మీద విండ్సర్, వార్విక్ కోటలు ఉబ్బెత్తుగా లేచి ఉంటాయి. అగ్గిపెట్టెకన్నా చిన్న మూత మీద బురుజులూ కిటికీలూ!

ఇక మాట. తెలుగు బైబిలులో, యోహాను సువార్త 19వ అధ్యాయంలో, సిలువ దగ్గర స్పంజీని ‘చిరక’తో నింపి అందిస్తారు. హిందీవాళ్ల సిర్కాయే అది. స్పంజీ, చిరక ఒకేచోట దొరికాయి. కుంకుమ భరిణె మనకు ఉండనే ఉంది. ‘చిరక భరిణె’ అనండి.

మరొకరు: లోపలి రేకును కరీంనగర్ వెండి తీగ పని అనవచ్చా?

జవాబు: అనకూడదు. అక్కడ సన్నని తీగను మెలిపెట్టి అతుకుతారు. ఇక్కడ ఎక్కువగా రేకునే కోసి చిల్లులు తీస్తారు. ‘జాలీ’ అంటే చాలు.

ప్రశ్న అడిగినవారు: చిరక అంటే మా అమ్మాయి మిరపలో రకమా అని అడిగింది. మొదటిసారి ‘వినెగ్రెట్ అనే చిరక భరిణె’ అని రాసి, తర్వాత వట్టి భరిణెతో నెట్టుకొస్తాను.